మామిడి పూతపై బూడిద

కోలారు జిల్లా అనగానే బంగారు గనులు గుర్తుకు వస్తాయి. ఆ గనులు 2001లో మూతపడ్డాయి. జిల్లాకు పేరు తెచ్చినది మరొకటి ఉంది. అది మామిడి. శ్రీనివాసపురం తాలూకాలో ఎటు చూసినా మామిడితోటలే కనిపిస్తాయి. బాదామి, రసపూరి, మల్లిక, తోతాపురి రకాలు ఇక్కడ పండుతాయి. తోతాపురినే చాలామంది బెంగుళూర కాయ అంటారు.

సంక్రాంతి నాటికి చెట్లు పూతపట్టడం మొదలవుతుంది. రైతు ఏడాది రాబడి అంతా ఆ పూతమీదనే ఆధారపడి ఉంటుంది. ఒక్కొక్క ఏడు నిండుగా వచ్చిన పూత కొద్దిరోజులలోనే ఎండి రాలిపోతుంది. "మంచుకు పూత మాడిపోయింది" అని పెద్దలు అంటూ ఉంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. కాని పూతను మాడ్చేది మంచు కాదు, మంచుకాలంలో పెరిగే ఒక బూజు. దీనినే బూడిద తెగులు అంటారు.

ఈ బూజు ఒక శిలీంధ్రం. దానిలో పత్రహరితం లేదు. అందుచేత తన ఆహారాన్ని తాను తయారు చేసుకోలేదు. పూకాడలపై సన్నని దారాలవలె అల్లుకొని, పైపొర కణాలలోకి చిన్న పీల్చుకాడలను దించి వాటి సారాన్ని పీలుస్తుంది. కాడపై విభూతి చల్లినట్లు కనిపించే తెల్లని పొడి దాని సిద్ధబీజాలే. అవి గాలికి ఎగిరి పక్క చెట్టుకు చేరుతాయి. తెగులు సోకిన మొగ్గలు విచ్చుకోవు. బఠాణీ గింజంత పిందెలు కూడా రాలిపోతాయి.

సాధారణంగా బూజులకు తడి కావాలి. ఈ బూజు తీరు వేరు. నీటిలో నానితే దీని బీజాలు సరిగా మొలకెత్తవు. రాత్రి చలి, గాలిలో తేమ, పగలు పొడి వాతావరణం దీనికి అనుకూలం. వానలు లేని పుష్యమాఘాలలో ఇది విజృంభించడానికి కారణం అదే.

రాలిన ప్రతి పువ్వూ తెగులు వల్ల రాలినట్లు కాదు. ఒక్కో పూగుత్తిలో వందల కొద్దీ పూలుంటాయి. వాటిలో ఎక్కువ మగపూలే. కాయలుగా నిలిచేవి ఏ కొన్నో మాత్రమే. ఆకులు నల్లగా మసిబారితే అది తేనెమంచు పురుగు పని. తెల్లని పొడి కనిపిస్తేనే బూడిద తెగులు.

దీనికి పాత మందు గంధకం. 1845లో ఇంగ్లండులోని మార్గేట్‌లో టక్కర్ అనే తోటమాలి ద్రాక్షతీగలపై ఇలాంటి బూడిదనే చూశాడు. గంధకం, సున్నం కలిపి చల్లి దానిని అదుపు చేశాడు. తరువాత ఫ్రాన్సు ద్రాక్షతోటలను కాపాడినదీ గంధకమే. ద్రాక్షపై బతికే బూజు వేరు, మామిడిపై బతికేది వేరు. గంధకం రెండింటికీ పనిచేస్తుంది.

నీటిలో కలిసే గంధకాన్ని లీటరుకు 2 నుంచి 3 గ్రాముల చొప్పున కలిపి, పూగుత్తులు బయటపడగానే, పూలు విప్పకముందే పిచికారీ చేయాలి. పిందె కట్టాక అవసరమైతే మరల చేయవచ్చు. పూలు విప్పారినప్పుడు మాత్రం మందు జోలికి పోరాదు. ఆ సమయంలో ఈగలు, తేనెటీగలు పుప్పొడిని మోస్తూ ఉంటాయి. అవి చస్తే తెగులు లేకపోయినా కాయ నిలవదు. మండుటెండలో గంధకం చల్లితే లేత ఆకులు మాడుతాయి. పొడి గంధకాన్నయితే తెల్లవారుజామున, మంచుతడి ఆరకముందే చల్లుతారు. తడికి పొడి బాగా అంటుకుంటుంది. పూతను మాడ్చిందని తిట్లు తిన్న మంచే అక్కడ రైతుకు సాయపడుతుంది!

పిందె గోలీకాయంత అయ్యేసరికి ఎండలు ముదురుతాయి, బూజు ఉద్ధృతి తగ్గుతుంది. ఇక రైతు చూపు వడగళ్ల మబ్బుల మీదకు మళ్లుతుంది.