లేచిన వచ్చి, పండుకొన్న పోవు తలనొప్పి



తలనొప్పి యెరుగని యిల్లు లేదు. ఎండ తగిలినను, నిద్ర చెడినను, ఉపవాసమున్నను తల నొచ్చును. నేడు నేను చెప్పబోవునది వేరొక తలనొప్పి. అది లేచి కూర్చున్న హెచ్చును, పండుకొన్న తగ్గును. దీనిని గుర్తింపలేక యిండ్లలో కొందరిపై నిందలు వేయుచుండుటచే, పెద్దలైన మీతో ముచ్చటింప బూనితిని.

కొంతకాలము క్రిందట ఒక పల్లెనుండి ఒక బాలింతను నాయొద్దకు దీసికొనివచ్చిరి. ఆమెకు నడుమున మత్తుసూది వేసి, ఆపరేషను చేసి బిడ్డను దీసిరి. మూడవనాటినుండి తలనొప్పి. పండుకొన్నంతసేపు బిడ్డతో నవ్వుచుండును. లేచి కూర్చున్న కొలదిసేపటికే తల పట్టుకొని మరల ఒరిగిపోవును. వెంటవచ్చిన అత్తగారు నాతో, "మంచమ్మీద ఉన్నంతసేపూ ఏ జబ్బూ లేదు బాబూ! లేవమంటేనే తలనొప్పి. ఇది నొప్పా, నటనా?" అనెను.

"అమ్మా! మీరు నటన యనుకొన్నదే యీ జబ్బునకు గురుతు" అని నేను బదులు చెప్పితిని.

బావిలో మునిగిన బిందె నీటిలోనున్నంతవరకు తేలికగానుండును; నీటిని వీడగానే బరువెక్కును. మన మెదడును అట్లే పుర్రెలోని నీటియందు తేలుచున్నది. సుమారు 1400 గ్రాముల మెదడు ఆ నీటియందు 50 గ్రాములంత తేలికయగును. ఆ నీరు మొత్తము సుమారు 150 మిల్లీలీటర్లే. మెదడును, వెన్నుపామును ఒకే పొర సంచివలె చుట్టి యా నీటిని నిలుపుచున్నది. నడుమున సూది పొడిచిన రంధ్రము కొందరికి వెంటనే పూడక, నీరు కారిపోవును. అప్పుడు లేచిన యెడల మెదడు క్రిందికి జారి, తన్ను పట్టియున్న పొరలను లాగును. అదియే నొప్పి. పండుకొన్న ఆ లాగుడు తగ్గును.

1898లో జర్మనీ దేశపు శస్త్రవైద్యుడు ఆగస్టు బియర్, ఈ మత్తుపద్ధతిని పరీక్షించుటకై తన నడుమునకే సూది వేయించుకొనెను. పిదప తొమ్మిది దినములు మంచము పట్టెను. పండుకొన్న సుఖము, లేచిన బాధ. ఆయనను పనిదొంగ యని యెవరనగలరు?

కాబట్టి యిట్లు పరీక్షింపుడు. రోగిని వెల్లకిల పండుకొనబెట్టి పావుగంట చూడుడు. పిదప కూర్చుండబెట్టి పావుగంట చూడుడు. పండుకొన్న తగ్గి, లేచిన మరల వచ్చినచో, నడుమున సూది పడినదా యని యడుగుడు. సాధారణముగా సూది వేసిన అయిదు దినములలోపల నొప్పి యారంభించును. మెడపట్టు, వికారము, చెవులలో హోరు తోడు రావచ్చును. అరుదుగా సూది లేకయే ఆ పొర చిరుగుటయు గలదు.

ఇది దిష్టియు కాదు, గాలియు కాదు. సూది వేసిన ఆసుపత్రికి వెంటనే తెలుపుడు. రోగిని బలవంతముగా లేపకుడు. బాలింతయని మంచినీళ్లు తగ్గింపకుడు. పలువురికి ఒకటి రెండు వారములలో తనంతట తగ్గును. తగ్గనిచో, రోగి చేతినుండి తీసిన రక్తమునే వెన్నునందు ఆ రంధ్రముచెంత ఎక్కింతురు. అది గడ్డకట్టి రంధ్రమును మూయును.

అయితే యొక హెచ్చరిక. జ్వరము, మూర్ఛ, చూపు మసక, మాట తడబాటు, కాలుసేతుల బలహీనత, మగత కనబడినను, పండుకొన్నను నొప్పి తగ్గకున్నను ఒక్క పూటయైన ఆగక పెద్దాసుపత్రికి గొనిపోవలయును. అవి ప్రాణాపాయమైన వేరు జబ్బులకు గురుతులు కావచ్చును.

ఆ బాలింతకు రక్తము ఎక్కించిన మరునాడు ఆమె మంచముపై నిటారుగ కూర్చుండి బిడ్డను ఒడిలోనికి దీసికొనెను. అత్తగారు కొంతసేపు చూచి, "పిచ్చితల్లిని ఊరికే అన్నాను" అని కొంగుతో కన్నులు తుడుచుకొనెను. మీ యింట అట్టి మాట పుట్టకముందే ఈ గురుతు మీకు జ్ఞప్తికి వచ్చుగాక!