గోడలోని కిటికీ నుంచి బాలల లోకానికి: వినోద్ కుమార్ శుక్లా సాహితీ ప్రస్థానం

పండరీ (రాయ్‌పూర్): ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో పండరీ పేరు చెప్పగానే బట్టల బజారు గుర్తుకు వస్తుంది. హిందీ సాహిత్య లోకంలో ఈ నగరానికి గుర్తింపు తెచ్చిన తొలి నవల పేరులోనూ ఒక చొక్కా ఉంది. 1979లో వెలువడిన ఆ నవల ‘నౌకర్ కీ కమీజ్’ (నౌకరు చొక్కా). దానిని రచించిన వినోద్ కుమార్ శుక్లా 2025 డిసెంబరు 23న రాయ్‌పూర్ ఎయిమ్స్‌లో 88 ఏళ్ల వయసులో కన్నుమూశారు. జ్ఞానపీఠ పురస్కార గ్రహీతగా దేశమంతా ఆయనకు నివాళులర్పించింది. అయితే జీవితపు చివరి దశలో ఆయన ఎక్కువగా మనసు పెట్టినది బాలల, కిశోరుల సాహిత్యంపైనే అన్న సంగతి తెలుగు పాఠకులలో చాలామందికి తెలియదు.

వ్యవసాయ ఆచార్యుడు, కవి

శుక్లా 1937 జనవరి 1న రాజ్‌నాంద్‌గావ్‌లో జన్మించారు. ఆ పట్టణ కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేసిన ప్రసిద్ధ కవి గజానన్ మాధవ్ ముక్తిబోధ్ యువకుడైన శుక్లా కవితలను చదివి ప్రోత్సహించారు. వ్యవసాయ శాస్త్రం చదివిన శుక్లా, రాయ్‌పూర్‌లోని ఇందిరా గాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా పనిచేశారు. తొలి కవితా సంపుటి ‘లగ్‌భగ్ జయ్‌హింద్’ 1971లో వెలువడింది. ‘నౌకర్ కీ కమీజ్’ ఆధారంగా దర్శకుడు మణి కౌల్ 1999లో చలనచిత్రం తీశారు.

ఆయన రచనలలో రాజులు, వీరులు కనిపించరు. గుమాస్తాలు, చిన్న ఊళ్ల ఉపాధ్యాయులు, ఒంటిగది ఇళ్లలో సర్దుకునే దంపతులు కనిపిస్తారు. ఆయన కల్పన ఈ సామాన్య జీవితం నుంచే పుట్టింది.

కిటికీ అవతలి లోకం

1997లో ప్రచురితమై, 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ‘దీవార్ మే ఏక్ ఖిడ్కీ రహ్‌తీ థీ’ (గోడలో ఒక కిటికీ ఉండేది) నవలలో రఘువర్ ప్రసాద్ అనే గణిత అధ్యాపకుడు, భార్య సోన్‌సీ ఒకే గదిలో కాపురం ఉంటారు. ఆ గది కిటికీ దాటితే చెరువులు, చెట్లు నిండిన మరో లోకం ఎదురవుతుంది. కళాశాలకు వెళ్లేందుకు ఒక సాధువు తన ఏనుగుపై రఘువర్ ప్రసాద్‌కు చోటిస్తాడు. ఇవన్నీ మంత్రాల వల్ల జరిగినట్లు రచయిత చెప్పరు. బియ్యం, కిరాయి వంటి విషయాల సరసన, అంతే మామూలు స్వరంతో అద్భుతాన్ని కూడా చెబుతారు.

తర్వాతి కాలంలో ఆయన బాలసాహిత్యం వైపు మళ్లడం ఆకస్మికంగా జరిగిన మార్పు కాదని ఈ నవల చూస్తే అర్థమవుతుంది. కిటికీ ముందే తెరుచుకుంది. ఆ తర్వాత ఆ దారిన పిల్లలు వచ్చారు.

నడుస్తేనే మాట్లాడే బాలుడు

2011లో, 74 ఏళ్ల వయసులో, శుక్లా కిశోరుల కోసం ‘హరీ ఘాస్ కీ ఛప్పర్‌వాలీ ఝోంపడీ ఔర్ బౌనా పహాడ్’ (పచ్చగడ్డి కప్పు గుడిసె, మరుగుజ్జు కొండ) అనే నవలను వెలువరించారు. ఇందులో బోలూ అనే బాలుడు నడుస్తున్నంతసేపే మాట్లాడగలడు. ఆగితే మాట ఆగిపోతుంది. అతని మాటలు వినాలంటే పక్కన నడవాల్సిందే. సత్తీ ఖన్నా ఈ నవలను ఆంగ్లంలోకి అనువదించారు. ‘యాసి రాసా త’, ‘ఏక్ చుప్పీ జగహ్’ కూడా పిల్లల, కిశోరుల కోసం ఆయన రాసిన నవలలే. భోపాల్ నుంచి వెలువడే ‘సైకిల్’ బాలల పత్రికకు ఆయన కథలు, కవితలు అందించారు.

మనకు తెలిసిన అద్భుత కథల పద్ధతి వేరు. 1947లో ప్రారంభమైన ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘తోకచుక్క’, ‘పాతాళదుర్గం’ వంటి ధారావాహికలు మాంత్రికులతో, దుర్గాలతో, సాహసయాత్రలతో తరతరాల పిల్లలను ఊపిరి బిగబట్టి చదివించాయి. రచయిత పేరు మాత్రం ఆ పుటల్లో ఉండేది కాదు. శుక్లా కథల్లో జయించాల్సిన శత్రువు లేడు, దక్కించుకోవాల్సిన నిధి లేదు. బడి, గుడిసె, కొండ, స్నేహితులు ఉంటే చాలు. దాసరి కథ పిల్లవాడిని ఇంటి నుంచి దూరతీరాలకు తీసుకువెళ్తే, శుక్లా కథ ఇంటి చుట్టూ ఉన్నదానినే కొత్తగా చూపుతుంది. ఎదిగే పాఠకుడికి రెండూ అవసరమే.

ఎందుకు ముఖ్యం?

మన భాషలలో బాలసాహిత్యాన్ని తరచూ రెండవ శ్రేణి రచనగా పరిగణిస్తారు. పసిపిల్లలకు బొమ్మల పుస్తకాలైనా దొరుకుతాయి. పన్నెండు దాటిన వారికి పాఠ్యపుస్తకాలకు, పెద్దల నవలలకు నడుమ చదవదగినవి తక్కువ. మాతృభాషలో చదివే అలవాటు తెగిపోయేది సరిగ్గా ఈ వయసులోనే. ‘చందమామ’ ఆగిపోయి దశాబ్దం దాటినా ఆ లోటు తీరలేదు. అకాడమీ పురస్కారం అందుకున్న నవలాకారుడు ఆ వయసువారి కోసం కలం పట్టడం, వారికి నీతులు బోధించకుండా తన ఉత్తమ భాషనే ఇవ్వడం అందుకే విశేషమైనది.

గౌరవాలు ఆయనకు ఆలస్యంగానైనా వరుసగా వచ్చాయి. 2023లో పెన్/నబోకోవ్ పురస్కారం లభించింది. 2024 సంవత్సరపు 59వ జ్ఞానపీఠ పురస్కారాన్ని 2025 మార్చి 22న ప్రకటించారు. ఛత్తీస్‌గఢ్ నుంచి ఈ గౌరవం పొందిన తొలి రచయిత ఆయనే. అనారోగ్యం కారణంగా నవంబరులో పురస్కారాన్ని రాయ్‌పూర్‌లోని ఆయన స్వగృహంలోనే అందజేశారు. రాయల్టీ తక్కువగా అందుతోందని 2022లో ఆయన బహిరంగంగా ఆవేదన వ్యక్తం చేయడంతో హిందీ రచయితల ఆదాయంపై పెద్ద చర్చ సాగింది. 2025 సెప్టెంబరులో మరో ప్రచురణకర్త రాయ్‌పూర్‌లో జరిగిన కార్యక్రమంలో ఆయనకు 30 లక్షల రూపాయల రాయల్టీ చెక్కు అందజేశారు. పాఠకులు లేరన్న మాటకు అది గట్టి సమాధానం.

పురస్కారాల జాబితాలో బోలూ పేరు కనిపించదు. కానీ శుక్లాను పిల్లలకు పరిచయం చేయదలచిన ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు మొదలుపెట్టవలసింది ఆ బాలుడి వద్దనే. కాసేపు వారితో కలిసి నడిస్తే, మిగిలిన కథ అతడే చెబుతాడు.