అక్షరములలో దాగిన రూపాయి

కోనసీమలోని అంబాజీపేట కొబ్బరి వ్యాపారమునకు పేరుపొందిన ఊరు. తోటలలో దింపు తీసిన కాయలు రాశులుగా చేరి, ఒలుపు పూర్తియైన పిదప లారీలపై దూర ప్రాంతములకు పోవుచుండును. ప్రతి రాశి వెనుకను ఒక లెక్క కలదు. పూర్వము ఆ లెక్కలు చిట్టా పుస్తకములలో ఉండెడివి. నేడు పెక్కుచోట్ల అవి కంప్యూటరులోనికి ఎక్కుచున్నవి. అక్కడనే ఒక చిక్కు కలుగుచున్నది.

ఒక రైతు లెక్కలో మూడు పంక్తులు ఉన్నవనుకొందము. మొదటి దానిలో 'రూ. 12,500/-' అనియు, రెండవ దానిలో '9,750 రూపాయలు' అనియు, మూడవ దానిలో '8000' అనియు వ్రాసియున్నది. మొత్తమెంత అని అడిగినచో మీరు 30,250 అని చెప్పుదురు. ఎక్సెల్ వంటి లెక్కల పట్టిక మాత్రము 8,000 అని చూపును! మొదటి రెండును దాని దృష్టిలో సంఖ్యలు కావు; అక్షరముల వరుసలు మాత్రమే. మొత్తము కట్టునపుడు అట్టి గడులను అది విడిచిపెట్టును. పొరపాటు జరిగినదని హెచ్చరింపదు. అక్షరములుగా వరుస పెట్టినచో 1000 ముందును, 900 వెనుకను వచ్చును. ఏలయన అది మొదటి గుర్తునే మొదట పోల్చును.

కావున అక్షరములను ధనముగా మార్చవలెను. మొదట మూలప్రతిని చెక్కుచెదరకుండ దాచుకొనవలెను. పిమ్మట 'రూ.' అను గుర్తును, చివరి '/-' అను గీతలను, కామాలను, ఖాళీలను తొలగింపవలెను. ఇచ్చట జాగ్రత్త అవసరము. 'రూ. 62.50' అను దానిలో రెండు చుక్కలు కలవు. మొదటిది సంక్షేపమునకు గుర్తు. రెండవది పైసలకు హద్దు. రెండింటిని తుడిచివేసినచో అరువది రెండున్నర రూపాయలు ఆరువేల రెండువందల ఏబది యగును! జర్మనీ వంటి దేశములలో చుక్క వేలను విడదీయును, కామా దశాంశమును తెలుపును. కావున లెక్క ఏ దేశపు పద్ధతిలో వ్రాయబడినదో ముందుగా తెలిసికొనవలెను.

ఇట్టి మార్పిడి మన పెద్దలకు క్రొత్త కాదు. 1957 ఏప్రిల్ 1వ తేదీకి ముందు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. ఆనాటి నుండి రూపాయికి 100 నయాపైసలు అయినవి. పాత చిట్టాలోని '12-8-6' అనగా పండ్రెండు రూపాయల ఎనిమిది అణాల ఆరు పైలు. ఎనిమిది అణాలు 50 పైసలు. ఆరు పైలు, అనగా అర్ధణా, మూడు పైసలకు కొంచెము ఎక్కువ. కావున అది రమారమి 12.53 రూపాయలు. ఈ సంగతి తెలియని కంప్యూటరు దానిని ఒక తేదీ యని భ్రమింపవచ్చును.

మార్చుటకు వీలుకాని గడులు కొన్ని మిగులును. 'బాకీ', 'తరువాత ఇత్తుము' వంటి మాటలు అందుండవచ్చును. వానిని సున్నగా భావింపరాదు. సున్న యనగా ఏమియు లేదని తెలిసినది. ఖాళీ యనగా ఎంతయో తెలియనిది. పైథాన్ భాషలోని పాండాస్ అను సాధనమునకు చెప్పినచో, అది మారని గడిలో 'సంఖ్య కాదు' అను గుర్తును ఉంచును. ఆ గడులను వేరుచేసి, మూలప్రతితో పోల్చి, మనుష్యుడే సరిచేయవలెను. ఒలుపు కూలీ కెదురుగా వ్రాసిన 'రూ. 850/-' మారక సున్నయై పోయినచో, అతని కష్టమే లెక్కనుండి తొలగిపోవును గదా!

మార్పిడి ముగిసిన పిదప పంక్తుల సంఖ్యను, మొత్తమును మరల సరిచూడవలెను. ధనమును పైసలలో పూర్ణసంఖ్యగా దాచుట మేలు; ఏలయన కంప్యూటరు సాధారణముగా వాడు ద్విసంఖ్యా పద్ధతిలో పదింట ఒక వంతు సరిగా ఇమడదు. కామాలను, 2010లో మన దేశము స్వీకరించిన ₹ గుర్తును తుదకు చూపునపుడు చేర్చిన చాలును. అవి చదువరి సౌకర్యమునకే గాని కూడికకు కావు.

యంత్రము వేగముగా కూడగలదు. వ్రాసినవాని భావమును గ్రహించి, దానికి తెలియజెప్పుట మన పని. లెక్క తప్పినచో నష్టపోవునది యంత్రము కాదు. ఆ పంక్తిలో పేరున్న మనుష్యుడు.