చిమ్మనగ్రోవి మొదలు సూపర్ సోకరు వరకు

మన ప్రబంధములలోని వసంతోత్సవ వర్ణనలయందు చిమ్మనగ్రోవులకు లోటులేదు. గొట్టములోనికి నీటిని లాగికొని, వెనుకనుండి కాడను త్రోయువాని చేతిబలమెంతయో ధారయొక్క వేగమును అంతియే. త్రోపు నిలిచిన క్షణముననే ధారయు నిలుచును. తరువాతికాలమున వచ్చిన ప్లాస్టిక్ నీటి పిస్తోళ్లు ఈ లోపమును తీర్పకపోగా, చేయి చేయవలసిన పనిని ఒక్క చూపుడువ్రేలిపై మోపి, ధారను మఱింత దుర్బల మొనర్చినవి. బలమును ముందుగా కూడబెట్టి, కావలసినపుడు ఒక్కుమ్మడిగా వెచ్చించు ఉపాయము వానికి లేకపోయెను. ఆ ఉపాయము లోకమునకు తెలియనిదియు కాదు. 18వ శతాబ్ది ప్రథమ పాదముననే లండను నగరమున రిచర్డ్ న్యూషమ్ నిర్మించిన అగ్నిమాపక యంత్రములలో ఒక గాలిగది అమర్పబడి, పంపు త్రోపునకును త్రోపునకును నడుమ సంపీడితమైన గాలి వ్యాకోచించుచు ధార తెగకుండ కాపాడుచుండెడిది. ఇండ్లు తగులబడునపుడు పనికివచ్చిన ఆ సూత్రము పిల్లల చేతి ఆటవస్తువులో నిలదొక్కుకొనుటకు రెండు శతాబ్దములకు పైగా పట్టినది.

దానిని అట్లు నిలిపినవాడు లానీ జాన్సన్. 1949లో అమెరికాలోని అలబామా రాష్ట్రమున మొబీల్ పట్టణమందు జన్మించి, టస్కీగీలో విద్య నేర్చి, వైమానికదళమునందును, పిదప గురుగ్రహమునకు బయలుదేరిన గెలీలియో నౌక నిర్మాణమునందును పనిచేసిన ఇంజనీరితడు. 1982లో ఇంటివద్ద తీరికవేళల, ఫ్రియాన్ వాయువునకు బదులు నీటితో నడచు ఉష్ణపంపు నొకదానిని కల్పింప యత్నించుచు, తాను చేసిన సన్నని ముక్కును స్నానాలయపు కొళాయికి తగిలించి చూడగా, ధార గదికి అడ్డముగా దూసికొనిపోయెను. ఇట్టి ధారను చూచి గోడ తుడుచుకొని ఊరకుండువారే లోకమున పెక్కుమంది. జాన్సను మాత్రము అక్రిలిక్ ముక్కలతోను, పి.వి.సి. గొట్టములతోను, త్రాగి పారవేసిన శీతల పానీయపు సీసాతోను నమూనా నొకదానిని కూర్చి, 1983లో పేటెంటునకు దరఖాస్తు పెట్టి, 1986లో దానిని పొందెను. ఫిలడెల్ఫియాకు చెందిన లారామీ సంస్థ దానిని చేపట్టి 1990లో ‘పవర్ డ్రెంచర్’ అను పేరుతోను, మరుసటి యేడు ‘సూపర్ సోకర్’ అను పేరుతోను విపణిలోనికి విడిచెను. 1991లో దాని అమ్మకములు 20 కోట్ల డాలర్లను మించినవని చెప్పుదురు.

ఈ యంత్రమునందలి సుగుణమును దుర్గుణమును గాలియే. గదిలోనికి నీటిని గాని గాలిని గాని పంపుతో ఎక్కించిన కొలది లోపలి గాలి నొక్కుకొనిపోవును. మీట లాగిన వెంటనే అది నీటిని వెలికి తరుమును. కాని బాయిల్ సూత్రము ఉదారమైనది కాదు. 1 లీటరు గదిలో సాధారణ పీడనముననున్న గాలిపైకి అర లీటరు నీటిని ఎక్కించినయెడల, గాలి సగమునకు కుదించుకొని, బయటికంటె ఒక వాతావరణము అధికమగు పీడనమును పొందును. ఆ నీటిలో సగము వెడలునప్పటికి గాలి ముప్పాతిక లీటరునకు వ్యాపించును. అప్పటికి మిగిలిన అధిక పీడనము మొదటిదానిలో మూడవ వంతు మాత్రమే. అనగా శత్రువును సగము తడిపినంతనే శౌర్యము మూడింట రెండు వంతులు ఉడిగిపోవును.

దీనికి విరుగుడుగా బ్రూస్ డి’ఆండ్రాడ్ అను శిల్పజ్ఞుడు గాలిగదికి బదులు మందమైన రబ్బరు తిత్తిని ప్రవేశపెట్టెను. 1996లో వచ్చిన సి.పి.ఎస్. 2000 అను తుపాకి దీనికి ప్రథమోదాహరణము. ఉబ్బిన రబ్బరు తన ఉబ్బు తగ్గుచున్నను ఇంచుమించు ఒకే పీడనముతో నీటిని పిండుచుండును గనుక, ధార మొదటినుండి తుదివరకు దాదాపు సమబలముతో వెడలి, హఠాత్తుగా ముగియును.

కొన్నవస్తువుతో తృప్తిపడని ఔత్సాహికుల విద్య ఇక్కడనే మొదలగుచున్నది. వీరు మొట్టమొదట చేయు పని ఆ తిత్తిపై మఱియొక రబ్బరు పొరను, పెక్కుసార్లు సైకిలు ట్యూబు ముక్కనే, తొడుగుట. పీడనము పెరుగును, నిజమే. కాని వేగము పీడనపు వర్గమూలమును అనుసరించును గనుక, వేగమును రెట్టింప గోరువాడు పీడనమును నాలుగు రెట్లు చేయవలసియున్నది. అంతటి పీడనమునకు ఎదురుగా పంపును త్రోయగల చేయి యెక్కడిది? చదరపు సెంటీమీటరుకు 3 కిలోల పీడనముండగా, 2.5 సెంటీమీటర్ల వ్యాసముగల ముషలకమును త్రోయుటకు సుమారు 15 కిలోల బలము కావలెను. వ్యాసమును 2 సెంటీమీటర్లకు తగ్గించినచో 9 కిలోలకు పైచిలుకు చాలును, కాని త్రోపుల సంఖ్య పెరుగును. చేతికి ఏదియు ఉచితముగా లభింపదు.

నా దృష్టిలో ఇంతకంటె తెలివైన సంస్కరణము పీడనమును పెంచుటయందు గాక, ఉన్న పీడనమును వృథాపోనీయకుండుటయందున్నది. తుపాకిని విప్పి చూచినవారికి, తిత్తినుండి ముక్కువరకు నీరు పోవు త్రోవలో ఇరుకు కవాటములును, మొనదేలిన మలుపులును, అచ్చుపోత మిగిల్చిన ప్లాస్టిక్ పొరలును కనబడును. ముక్కుకంటె కవాటము ఇరుకైనచో, పీడనము లోపలనే ఖర్చగును. అట్టిచోట ముక్కును మాత్రము తొలిచి వెడల్పు చేసినవాడు లావైన, నీరసమైన ధారను పొందును. మార్గమంతయు విశాలమైయున్న యెడల మాత్రము వెడల్పు ముక్కు ఉపకరించును, ఏలయన లావు ధార గాలి తాకిడికి సన్నధారకంటె మెరుగుగా తాళును. కాని వ్యాసము రెట్టింపైన వెచ్చించు నీరు నాలుగింతలగుననుటను మరువరాదు.

ఇక నీటిలోని సుడుల మాట. ఏ ధారయైనను కొంతదూరమున తలతన్యత వలన బిందువులుగా విడిపోవలసినదేయని 1878లో రేలీ ప్రభువు గణితముతో నిరూపించెను. వేగముగా పోవు ధారను సుడులును గాలియును కలిసి అంతకుముందే చీల్చివేయును. అందుచేత నేర్పరులు శీతల పానీయములు త్రాగు స్ట్రా గొట్టములను పొట్టిగా కోసి, గుత్తిగా ముక్కు వెనుక బిగింతురు. సుడి తిరుగుచు వచ్చిన నీరు ఆ సన్ననాళములలో మెలికవిడిచి, తిన్ననై వెడలును. అగ్నిమాపక దళముల జలయంత్రములలోను, విమానములను పరీక్షించు వాయుసొరంగములలోను ఇదే ఉపాయము అమర్పబడియుండుట చూచినయెడల, ఖర్చులేని ఈ మరమ్మతుపై గౌరవము కలుగును.

పీడనము మితిమీరినపుడు దానిని వెలికి విడుచు రక్షణ కవాటమును మూసివైచుట మాత్రము నేను సమ్మతింపను. నీరు నొక్కుడుపడనిది గనుక నీరుమాత్రమే నిండిన గొట్టము పగిలినను ఉపద్రవము స్వల్పము. నొక్కబడిన గాలి అట్లు కాదు, తనలో దాచుకొన్న శక్తినంతయు ఒక్కసారిగా విడుచును. పి.వి.సి. గొట్టములు అట్టి సమయమున సాగక, వాడియైన పెంకులై ఎగురును. తక్కువ పీడనముగల ధారయైనను దగ్గరనుండి కంటికి తగిలిన ప్రమాదమే.

మరమ్మతు ఫలించినదో లేదో తేల్చుటయందు ఈ విద్యార్థులలో తగవులు మెండు. బయటికంటె 2 వాతావరణముల అధిక పీడనముననున్న నీరు సెకనుకు సుమారు 20 మీటర్ల వేగముతో వెడలును; గాలియే లేకున్నచో 45 డిగ్రీల కోణమున అది 40 మీటర్లు పోవలసినది, కాని వాస్తవమున సగమునందుకొన్నను ఘనమే. గాలి అడ్డు ఉన్నచోట ఉత్తమకోణము 45 కంటె తక్కువయేయగును. అన్నింటికంటె దూరముగా పడిన ఒంటరి బిందువును కొలిచి గొప్ప చెప్పుకొనువారును, నీటిలో అధికభాగము తడిపిన నేలవరకే కొలుచువారును ఉన్నారు. గాలిలేని ప్రొద్దునవేళ, ఎండిన సిమెంటు నేలపై, తుపాకిని ఒకే ఎత్తున ఆనించి, రెండవ పద్ధతిని కొలుచువాని అంకెనే నమ్మవచ్చును.