టేపు పరుగు, గొంతు తీరు

మా నాయనమ్మ నాట్లప్పుడు పాడే పాటల క్యాసెట్ ఒకటి ఇంట్లో ఉంది. మొన్న దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి వినిపిస్తే, "ఇది మా అమ్మ గొంతు కాదురా, ఎవరో చిన్నపిల్ల" అన్నాడు నాన్న.

కారణం ఫిజిక్సే. క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడవాలి. రికార్డు చేసిన నాడు బెల్టు సాగి టేపు నెమ్మదిగా నడిచిందనుకోండి, తర్వాత సరైన వేగంతో వింటే పాట పరుగెత్తుతుంది, గొంతూ సన్నబడుతుంది. టేపులో ఈ రెండూ జోడెడ్లు. వేగం రెట్టింపైతే కింది 'స' కాస్తా పై 'స' అయి కూర్చుంటుంది. 1966లో బీటిల్స్ వారి 'స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్' కోసం వేర్వేరు శ్రుతుల్లో ఉన్న రెండు రికార్డింగుల్ని జార్జి మార్టిన్ బృందం అతికించింది ఈ కిటుకుతోనే.

ఆడాసిటీ లాంటి సాఫ్ట్‌వేర్ ఈ కాడిని విప్పేసింది. వేగం కదపకుండా శ్రుతి ఒక్కటే మార్చవచ్చు. నేను మొదట అదే చేసి చెడగొట్టాను. గొంతు దిగింది గాని పాట హడావుడి తగ్గలేదు. మనకు కావలసింది రెండింటినీ కలిపి మార్చే 'ఛేంజ్ స్పీడ్ అండ్ పిచ్'.

సరే, ఎంత మార్చాలి? రికార్డర్‌ను ప్లగ్గుకు పెట్టి రికార్డు చేశారు గనుక పాట వెనక కరెంటు గుర్రు సన్నగా ఉంది. అది 50 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. స్పెక్ట్రమ్‌లో చూస్తే 53! అంటే వేగాన్ని 53కి 50 వంతున, సుమారు 5.7 శాతం తగ్గించాలన్నమాట. (ఆనాటి మా ఊరి కరెంటు నిక్కచ్చిగా 50 అని ప్రమాణం చెయ్యలేను లెండి.) 3 నిమిషాల పాట 3 నిమిషాల 11 సెకన్లయింది.

నాన్న ఈసారి ఏమీ అనలేదు. మళ్ళీ పెట్టమన్నాడు.