వెస్టుకెన్నెటు నిడుదిబ్బ

ఇంగ్లండుదేశమున విల్టుషైరు మండలమందు, ఏవుబరీ శిలావలయమునకు దక్షిణముగా, సుమారు 330 అడుగుల నిడివిగల దిబ్బ యొకటి కలదు. దీనిని వెస్టుకెన్నెటు లాంగుబారో యందురు. ‘బారో’ యనునది కొండ, దిబ్బ యను నర్థముగల ప్రాచీనాంగ్లపదమునుండి పుట్టినది. కావున లాంగుబారో యనఁగా నిడుదిబ్బ. లోహమెఱుఁగని నవీనశిలాయుగపు కృషీవలులు క్రీస్తుపూర్వము 3650 ప్రాంతమున దీనిని నిర్మించిరి.

వారు ఇరుప్రక్కలఁ గందకములు త్రవ్వి, అందలి సుద్దరాతిని నడుమఁ బోసి దిబ్బను పెంచిరి. తూర్పుకొనయందుఁ బెద్దబండలతోఁ గట్టిన నడవయు, దాని కిరువైపుల రెండేసియుఁ జివర నొకటియు నైదు గదులును గలవు. ఈ కట్టడము దిబ్బలోనికి సుమారు 40 అడుగులు మాత్రమే పోవును.

1859లో జాన్ థర్నాము పడమటి గదిని త్రవ్వించెను. తక్కిన నాలుగు గదులను 1955, 1956 సంవత్సరములలో స్టూవర్టు పిగ్గటు, రిచర్డు అట్కిన్సను బయల్పఱచిరి. వానిలో స్త్రీపురుషుల యెముకలును, శిశువుల యెముకలును గలసి యుండెను. పుఱ్ఱెలును, పొడవైన యెముకలును లెక్కకుఁ దక్కువగా నుండుటచే, తరతరములవారు శతాబ్దములతరబడి శవముల నిందు నిక్షేపించుచు, కర్మలకై కొన్ని యెముకలను వెలికిఁ దీయుచుండిరని పలువురు తలఁచిరి.

ప్రాణి జీవించినంతకాలము దేహమునఁ జేరుచుండు రేడియోకార్బను మరణానంతరము క్రమముగా క్షీణించును. శేషించిన దానినిబట్టి కాలము నిర్ణయింపవచ్చును. ఈ మార్గమున అలెక్సు బేలిసు మొదలగువారు భద్రపఱచియుంచిన యెముకలను పరీక్షించి, 2007లో ఫలితములను బ్రకటించిరి. తొలి శవనిక్షేపములు సుమారు 36 మందివి. అవి యన్నియు నొక తరములోపలనే, ముప్పదియేండ్లకు మించని కాలమున జరిగినవని తేలెను. అటుపిమ్మట సుమారు వేయేండ్లు జనులు సుద్దమట్టిని, కుండపెంకులను, పూసలను, జంతువుల యెముకలను గదులలోఁ జేర్చుచు వచ్చిరి; తుదకుఁ బెద్దబండలతో ముఖద్వారమును మూసిరి. కావున నిందు శవములుంచిన కాలము స్వల్పము. ఆ స్థలమును గౌరవించిన కాలము దీర్ఘము.

1882లో బ్రిటనునం దేర్పడిన ప్రాచీననిర్మాణ రక్షణశాసనపు మొదటి పట్టికయందే యీ దిబ్బ చేరినది. 1986లో స్టోన్‌హెంజి, ఏవుబరీలతోఁ గూడఁ బ్రపంచవారసత్వ స్థలముగా గుర్తింపఁబడెను. శాసనము దిబ్బను గాపాడినది. త్రవ్వినవారు ఎముకలను గాపాడిరి. ఈ రెండును నిలువకున్నచో మొదటి యూహయే సిద్ధాంతముగా మిగిలియుండెడిది. ఒక తరమువారి నిర్ణయమును మఱొక తరమువారు పరీక్షింపవలెనన్న, సాక్ష్యము చెడక యుండవలెను.