మీకు తెలుసా? దాజీ పేట్‌లో తెలుగే నడుస్తుంది

షోలాపూర్ దుప్పటి పేరు వినని తెలుగిల్లు అరుదు. దాన్ని నేసిన చేతుల్లో చాలావరకు తెలుగువారివే! 1877లో మహారాష్ట్రలోని షోలాపూర్‌లో తొలి బట్టల మిల్లు వెలిసింది. దానికి ముందూ తర్వాతా తెలంగాణ పల్లెల నుంచి పద్మశాలీలు బతుకుతెరువు కోసం అక్కడికి తరలివెళ్లారు. వారు స్థిరపడ్డ పేటల్లో దాజీ పేట్ ఒకటి. మరమగ్గాల చప్పుడు, వేంకటేశ్వరస్వామి గుడి, మరాఠీ కలిసిన తెలుగు మాట అక్కడి ప్రత్యేకతలు. బీడీలు చుట్టి ఇల్లు నడిపిన ఆడవాళ్ల కష్టం మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. షోలాపూర్ వెళ్తే శ్రావణ పౌర్ణమికే వెళ్లండి, పద్మశాలీలు కొలిచే మార్కండేయుడి రథోత్సవం చూడొచ్చు. షోలాపూర్ దుప్పటికి భౌగోళిక గుర్తింపు ఉంది. వేరేచోట నేసినవాటికి ఆ పేరు పెట్టకూడదు. అయినా పెట్టి అమ్మేవాళ్లున్నారు, చూసి కొనండి!